నులివెచ్చనిది వద్దు

వనపర్తిలో మా సంఘానికి పదకొండేళ్లు నేనే పాట ఎత్తాను. బడిలో తెలుగు చెప్పి చెప్పి సాగిన గొంతు కాబట్టి చివరి చాప దాకా వినపడేది. దేవుడు కొందరికి బోధ ఇచ్చాడు, కొందరికి ప్రార్థన ఇచ్చాడు, నాకు గొంతు ఇచ్చాడని నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను. దానితో పాటు శ్రుతి కూడా ఇచ్చాడా అని మాత్రం ఎన్నడూ అడగలేదు.

ఆ ఏడాది మా సంఘానికి కీబోర్డు వచ్చింది. దాన్ని వాయించడానికి డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి ముందుకొచ్చింది. పాపం, ఆరు వారాలు ఓపిక పట్టింది. ఏడో ఆదివారం ఆరాధన అయ్యాక, చెప్పులు విడిచిన చోట పాస్టర్ అయ్యగారు నన్ను ఆపారు.

“సార్, జర ఒక మాట. కీబోర్డు పాప పరేషాన్ అయితుంది. మీరు పల్లవి ఒక సుతిల ఎత్తుకుంటరంట, చరణంకొచ్చేసరికి ఇంకో సుతిల ఉంటరంట. తను ఏడ వాయించాల్నో తెల్వదంటుంది.”

“పల్లవి ఉన్న కాడనే చరణం ఉండాలని రూలుందా అయ్యగారూ?”

“ఉందంట సార్.”

నా చేతిలో ఒక క్యాసెట్ పెట్టారు. పోయిన నెల ఖిల్లా ఘణపూర్ ప్రార్థన కూటాలకు సంఘమంతా పోయినప్పుడు, పాప కీబోర్డుతో నేను ఎత్తిన పాట అందులో ఉంది. “మీరే ఇనుండ్రి. మట్టల ఆదివారం నాడు ముందు నడిచి పాట ఎత్తేది మీరా, పాపనా, అది గూడ మీరే చెప్పుండ్రి. నేనైతే చెప్ప” అన్నారు.

కోప్పడినా బాగుండేది. తీర్పు నాకే వదిలేసి నన్ను చిక్కులో పడేశారు. ఈస్టర్‌కు ముందు వచ్చే ఆ ఆదివారం ఈత మట్ట పట్టుకొని ఊరేగింపు ముందు నడవడం నాకు ఏడాదంతటికీ ఒక్కటే పండుగ.

ఇంట్లో టేప్ రికార్డర్‌లో వేసి విన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ తల బయట పెట్టింది.

“ఎవలయ్య అది, ఎద్దు తప్పిపోయినోని లెక్క?”

“నేనే.”

ఆమె తల మళ్లీ లోపలికి పోయింది. తర్వాత మెల్లగా, “టేపు పాతదైంది తియ్యి” అంది.

ఆమె జాలిపడి అన్న మాటను నేను సిద్ధాంతంగా పట్టుకున్నాను. తప్పు గొంతుది కాదు, టేపుది. మంచి సెట్టు మీద వింటే నిజం బయటపడుతుంది. ఎండలు ముదిరేలోపు కూలర్ కొందామని దాచిన డబ్బు ఉండనే ఉంది.

గద్వాలలో ఒక ఉస్తాద్ ఉండేవాడు. పెళ్లిళ్లకు మైకుసెట్లు కట్టి బతికేవాడు, తీరిక దొరికితే ఇళ్లలో పాట వినడానికి చేత్తో ఆంప్లిఫయర్లు చేసేవాడు. వాటి కోసం కర్నూలు నుంచి, రాయచూరు నుంచి కూడా జనం వచ్చేవారు. సాక్షిగా ఉంటారని అయ్యగారిని వెంటబెట్టుకొని వెళ్లాను. బీచుపల్లి వంతెన మీద బస్సు పోతున్నప్పుడు కళ్లు మూసుకొని, ప్రభువా, సరైన ఆంప్లిఫయర్‌ను చూపించు అని మనస్ఫూర్తిగా ప్రార్థన చేశాను.

క్యాసెట్ డెక్కు, రెండు స్పీకర్లు సులువుగానే కుదిరాయి. తేలాల్సింది ఆంప్లిఫయర్. ఉస్తాద్ బల్ల మీద మూడు పెట్టాడు.

“గిది గాజు ట్యూబులది సార్. వెచ్చగ పాడుతది. గిది ట్రాన్సిస్టర్లది, చల్లగ, సాఫ్‌గ పాడుతది. గీ మూడోదాంట్ల ముంగట ట్యూబులు, ఎనక ట్రాన్సిస్టర్లు. అంత వెచ్చగుండదు, అంత చల్లగుండదు. ఇంటికి గిదే తీస్కపోండ్రి. నేను చేసిన దాంట్ల గిదే నంబర్ వన్.”

నేను అయ్యగారి వైపు చూశాను. అప్పటికే ఆయన నా వైపు చూస్తున్నారు. వెచ్చగానైనా ఉండాలి, చల్లగానైనా ఉండాలి, నులివెచ్చగా ఉన్న సంఘాన్ని ప్రభువు నోట్లోంచి ఉమ్మేస్తాడని సండే స్కూలు పిల్లలను అడిగినా చెబుతారు.

“అది వద్దు” అన్నారు అయ్యగారు.

“ఎందుకయ్యగారూ?” అన్నాడు ఉస్తాద్.

“నులివెచ్చనిది.”

“గోరువెచ్చని నీళ్లు గొంతుకు మంచిదే గద?”

“గొంతుకు మంచిదే. సంఘానికి కాదు.”

ఉస్తాద్ నంబర్ వన్‌ను గుడ్డతో తుడిచి మళ్లీ అరలో పెట్టేశాడు. అతని ఇరవై ఏళ్ల పనిలో ఆంప్లిఫయర్‌ను ఆ కారణంతో వద్దన్నవాళ్లు మేమే మొదటివాళ్లం అనుకుంటాను.

ట్రాన్సిస్టర్ల దాని మీద నా క్యాసెట్ వేశాడు. అందులో నా గొంతు అద్దంలో చూసినట్టు వినపడింది. ఎక్కడ జారానో, జారే ముందు ఎక్కడ ఊపిరి పీల్చానో కూడా వినపడింది.

“డెక్కు స్పీడు తేడా ఉందేమో ఉస్తాద్.”

“స్పీడు తేడా అయితే కీబోర్డు గూడ జారాలె గద సార్. అది కదుల్తలేదు.”

అయ్యగారు గోడ మీది క్యాలెండర్‌ను శ్రద్ధగా చదవసాగారు.

తర్వాత ట్యూబుల దాని మీద వేశాడు. జారడం అలాగే ఉంది, కాని పాపం క్షమించినట్టు మెత్తగా ఉంది. నాకు నచ్చింది. ఎన్ని వాట్లని అయ్యగారు అడిగితే పది అన్నాడు ఉస్తాద్.

“పదేనా? మా బాత్రూంల బల్బు నలబై.”

“బల్బు పాడదు గద అయ్యగారూ.”

దాన్ని తువ్వాలులో చుట్టి, ఒడిలో పెట్టుకొని వనపర్తి తెచ్చాను.

గురువారం సాయంత్రం మా ఇంట్లో గృహకూటం. ప్రార్థన అయ్యాక ఇరవై మంది ముందు సెట్టు పెట్టాను. కీబోర్డు పాప కూడా ఉంది. ట్యూబులు ఎర్రగా వెలిగాయి, ఉన్న ఉక్కకు వాటి వేడి తోడైంది. ఆడవాళ్లు పాటల పుస్తకాలతో విసురుకోసాగారు.

“కూలర్ తెస్తనని పోయి పొయ్యి తెచ్చిండు” అని మా ఆవిడ అందరికీ వివరించింది.

పాట మొదలైంది. పల్లవి బాగానే ఉంది. చరణానికి నేను జారాను. ఇక తప్పించుకోలేనని అర్థమై తల దించుకున్నాను. అప్పుడు వినపడింది, ఇంటి టేపులో ఎన్నడూ వినపడనిది, గద్వాలలో నా గొంతే వింటూ నేను పట్టించుకోనిది. నేను జారగానే నా వెనక ముసలమ్మలు జారారు. వాళ్ల వెనక మగవాళ్లు జారారు. రెండో చరణానికి కూటమంతా కలిసి, ఒక్క గొంతుతో, తప్పు శ్రుతిలో దేవుణ్ణి స్తుతిస్తోంది. ఎక్కడో అడుగున కీబోర్డు ఒక్కటే తన చోట తాను నిలబడి ఉంది.

అయ్యగారు ముందు నవ్వారు. “ఒక్క గొర్రె తప్పిపోయిందనుకున్న సార్. తొంబై తొమ్మిది తప్పిపోయినయ్, ఒక్కటే దొడ్లె మిగిలింది.”

పాప కళ్లు తుడుచుకుంటూ, “నేనే తప్పు వాయించిన్నని ఆ రోజు ఇంటికి పోయి ఏడ్చిన సార్” అంది.

ఆ మాట గుచ్చుకుంది. ఇంతమందిని దారి తప్పించినవాడు ముందు నడవకూడదు. “మట్టల ఆదివారం పాపనే ఎత్తుతది” అన్నాను. మా ఆవిడ నాకు మంచినీళ్లు తెచ్చి, చేతిలో పెట్టి, అంతే మెల్లగా ప్లగ్గు పీకేసింది.

ఆ ఆదివారం పాప గుడిలో కీబోర్డు మీద ఒక మెట్టు నొక్కి చూసుకొని, దారిలోకి వచ్చి పాట ఎత్తింది. నేను మట్ట పట్టుకొని నడుమ నడిచాను. చౌరస్తా దాటేసరికి అయ్యగారు వెనక్కి వచ్చి నా చెవిలో అన్నారు.

“సార్, మందిల సగం మీ ఎంబడి వస్తుండ్రు. పాట రెండైంది. జర ఎనకకు పోరాదుండ్రి.”

పోయాను. అందరి వెనక ఒక మేక మాత్రమే ఉంది. కింద పడిన ఈత ఆకులు ఏరుకు తింటోంది. దానికి పల్లవి, నాలుగు చరణాలు గొంతెత్తి పాడాను. అది కూడా గుడి దాకా నా వెంటే వచ్చింది, తీర్పు దినాన మేకలకు చెప్పిన ఎడమ పక్కన.