అలికిన కోర్టులో నా బదిలీ

పేడను నమ్ముకుని పెళ్లాన్ని దూరం చేసుకున్న మనిషిని మీరు చూసి ఉండరు. ఇదిగో, తీరిగ్గా చూసుకోండి.

అప్పట్లో నేను వికారాబాదు కచేరీలో గుమాస్తాను. పెళ్లయి ఆరు నెలలు. మా సుగుణ తాండూరు ఆడపిల్లల బడిలో పంతులమ్మ. మా సంసారమంతా ఆదివారం రైలు మీదే నడిచేది. తాండూరుకు బదిలీ కోసం దేవుళ్లందరికీ మొక్కాను. సిఫారసు చెయ్యవలసిన దేవుడు మాత్రం మా తహసీల్దారు సాబ్. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, టెన్నిస్.

"నర్సింలూ, ఆదివారం తాండూరు సాబ్‌లు ఆటకొస్తున్రు. నా జోడీకి జ్వరం. నీకు టెన్నిస్ వస్తదా?"

"మస్తుగొస్తది సాబ్!" నోరు నాదే, మాట బదిలీది.

కోర్టంటే వాయిదాలిచ్చే చోటని తప్ప నాకేం తెలుసు? క్లబ్బులో కోర్టు అలికి, నెట్టు కట్టే ఖాజా మియా కాళ్లమీద పడ్డాను.

"గీత తొక్కకు బేటా. బంతి పైకెగరెయ్, కింద పడకముందే కొట్టు. నెట్టు దాటి అవతలి మూల గీసిన గీతల డబ్బాల పడాలె. గంతే!"

గంతే! నా మొదటి సర్వీసు నెట్టు దాటింది, కంచె దాటింది, రోడ్డు దాటి హోటలు రేకుల మీద పడింది.

"అరె, అనంతగిరి గుట్టల దాకా పంపుతవా? జర మెల్లగ!"

రెండోది సరిగ్గా నా నెత్తిమీదే దిగింది. మూడు రోజులకు ఒక సర్వీసు కుదిరింది. పెళ్లిలో అక్షింతలు వేసినట్టు మెత్తగా నెట్టు మీంచి జారి అవతల రాలేది. మియా రెండు చేతులూ ఆకాశంకేసి ఎత్తాడు.

ఆట ఎలాగూ రాదు, కోర్టునైనా మెరిపించి సాబ్‌ని మెప్పిద్దామనుకున్నాను. పేడనీళ్లు పల్చగా పూసి రెండ్రోజులు ఎండనివ్వడం మియా పద్ధతి. నాకు తెలిసింది మా అమ్మ పండగకు ఇల్లలికే పద్ధతి. ఆదివారం పొద్దున్నే ఇద్దరు కూలీలను పెట్టి బండెడు పేడ దట్టంగా అలికించాను.

మియా వచ్చి గుండె పట్టుకున్నాడు. "యా అల్లా! గిదేంది?"

"పండగ గద మియా!"

"ఎవనికి?"

ఆరోజంతా మబ్బు. పైన ఆరినట్టే ఉంది, అడుగున పచ్చిగానే ఉంది. సాయంత్రం తాండూరు తహసీల్దారు సాబ్ తన జోడీతో, పాలల్లోంచి తీసినట్టు తెల్లటి ప్యాంటులో దిగాడు. పైపొర గట్టిగా ఉన్నంతసేపూ బంతులు ఎలాగో జారుకుంటూ పోయాయి. ఆ పొర అందరి కాళ్లకింద చితికేసరికి, మా సాబ్ పుణ్యమా అని చెరిసమానంగా వచ్చి, ఆఖరి ఆటకు సర్వీసు నా చేతికొచ్చింది.

నా అక్షింత జారింది. తప్! పేడలో కూర్చుంది. ఇక లేస్తేనా! తాండూరు సాబ్ ఉరికొచ్చి, కాలు జారి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే నెట్టు దాకా వచ్చేశాడు. లేచేసరికి ప్యాంటు తెలుపు ముందువైపే మిగిలింది.

"గిదేం సర్వీసయ్యా!"

"మా వికారాబాదు సర్వీసు!" అన్నాడు మా సాబ్, పొంగిపోతూ.

ఆట గెలవడానికి కావలసిన తక్కిన మూడు సర్వీసులూ అలాగే అతుక్కున్నాయి. గెలిచాం!

"అడుగు నర్సింలూ, ఏం కావాలె?"

"తాండూరు బదిలీ సాబ్."

"పాగల్! నిన్ను పంపి నేనెవనితోటి ఆడాలె?"

"మీరు పంపినా నేను రానియ్య," అన్నాడు తాండూరు సాబ్, వెనక్కి తిరగకుండా జాగ్రత్తగా నడుస్తూ.

సంగతి విని సుగుణ నెత్తి కొట్టుకుంది. "గంత సదివిన్రు, జర ఓడిపోరాదా?"

నిజమే కదా! మరుసటి ఆదివారం నుంచి శ్రద్ధగా, భక్తిగా ఓడాను. నాతోపాటు సాబ్‌నీ ఓడించాను. ఏడోవారం బదిలీ కాగితం రానే వచ్చింది. కళ్లకద్దుకుని విప్పాను.

కొడంగల్. ఆదివారం ఎక్కడానికి రైలు కూడా లేని ఊరు. అక్కడ టెన్నిస్ కోర్టు లేదని సాబ్ స్వయంగా కనుక్కుని మరీ వేయించాడట.

ఆ కాగితం మీద చెయ్యివేసి ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో టెన్నిస్ బ్యాటు ముట్టను. గెలవడానికీ కాదు, ఓడడానికీ కాదు.