తమిళ అక్షరాల్లో ఒక కనుమ

కోయంబత్తూరు గాంధీపురంలో పార్శిల్ సాంబారు సంచికి బిగించే దారాన్ని చిందకుండా విప్పగలిగిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. సైన్యంలో పదిహేడేళ్ళు ముళ్ళు వేసి విప్పినవాణ్ణి, నాకూ చేతకాదు. సరే, అది వేరే యుద్ధం.

లదాఖ్‌లో మా పోస్టుకు జూలైలో చేరాను, ఉదయం పదకొండింటికి. ఎత్తు పదిహేను వేల అడుగులు. రాత్రి మైనస్ నాలుగు. దాన్ని అక్కడ ఎండాకాలం అంటారు. బంకరులో నలుగురం: మేజరు, రేడియో ఆపరేటరు, వంటవాడు, నేను. పటంలో తెల్లగా వదిలేసిన ఒక లోయను కొలిచి, దాని చివరి కనుమ ఎక్కాలని మేజరుకు ఆజ్ఞ. భూగోళ అన్వేషకులకు ఒక సంఘం ఇచ్చే బంగారు పతకం మీద ఆయనకు ఆశ. ఆశ సంగతి ఆజ్ఞలో లేదు. కానీ కనుమ ఎక్కినవాడికే పతకమని ఆయన మాకు రోజూ చెప్పేవారు.

కొలతల పుస్తకం నా పని. వేళ్ళు కొయ్యబారే చోట ఏది త్వరగా వస్తే అందులో రాయమన్నారు. మా కోయంబత్తూరు తెలుగిళ్ళలో మాట తెలుగు, చదువు తమిళం. ఉత్తరమైనా, ఊరగాయ పాళ్ళయినా తెలుగు మాటను తమిళ అక్షరాల్లో పెడతాం. నేనూ అలాగే రాశాను. తెలుగక్షరాలు రిటైరయ్యాకే నేర్చుకున్నాను.

ఆగస్టులో మేజరూ నేనూ ఆరు రోజులు నడిచి లోయ కొలిచాం. దిగేటప్పుడు నా నల్లకళ్ళద్దాలు మంచు పగులులో పడ్డాయి. పోస్టు చేరేసరికి ఆ వెలుగుకు చూపు పోయింది. వంటవాడు కళ్ళకు గుడ్డ కట్టి, మూడు రోజుల్లో వస్తుందన్నాడు. నివేదిక మాత్రం ఆ సాయంత్రం నాలుగింటికే రేడియోలో పోవాలి.

మేజరు పుస్తకం తెరిచారు. వెంటనే మూశారు.

వంటవాడు మదురై తమిళుడు. చదవగలడు, అర్థం కాదు. ఆపరేటరుది విజయనగరం. అర్థమవుతుంది, చదవలేడు. రెండున్నరకు పని మొదలైంది. ఒకడు పైకి చదివాడు, ఒకడు హిందీలో చెప్పాడు, మేజరు ఇంగ్లీషులో రాసుకున్నారు. మేం 'కదా'కు 'దానే' అంటామని తెలిసి, మధ్యలో ఆపరేటరు, మీది తెలుగా, తెలుగుకు దూరపు చుట్టమా అని నన్నడిగాడు.

కొలతల పక్కన సొంత అభిప్రాయాలు రాసే అలవాటు నాకుంది. మూడో రోజు మేజరు తప్పు దారి పట్టారనీ, మర్యాదకు గంట నడిచాకే చెప్పాననీ రాసుకున్నాను. హిందీలో అది "రెండు దారులూ పరిశీలించడమైనది" అయింది. ఆపరేటరు మంచివాడు.

ఆరో రోజు వచ్చింది. వంటవాడు హాయిగా చదివేశాడు: "పదిహేడు వేల ఎనిమిది వందలు. మేజరుకు కాళ్ళు రాలేదు. బండ మీద కూసుండినారు. నేనొక్కణ్ణే కనుమ ఎక్కితిని."

ఆపరేటరు ఆగాడు. "ఇదీ చెప్పీమంటావేటి?" అన్నాడు నాతో, తెలుగులో.

నా పెళ్ళికి సెలవు కాగితం మేజరు సంతకం కోసం ఆ బల్ల మీదే ఉంది.

"చెప్పప్పా," అన్నాను. "రాసేసినాను దానే."

చెప్పాడు. పెన్ను చప్పుడు ఆగింది. తర్వాత పెన్ను మళ్ళీ కదిలింది.

"నీ పూర్తి పేరు చెప్పు," అన్నారు మేజరు. "తండ్రి పేరుతో సహా."

నాలుగింటికి అది రేడియోలో వెళ్ళింది. ఆ తర్వాత ఇంకో కాగితం మీద సంతకం చేస్తున్న చప్పుడు వినిపించింది.

పెళ్ళి అనుకున్న ముహూర్తానికే అయింది. మరుసటి ఏడు పతకం మేజరుకే వచ్చింది, లోయంతా కొలిచినందుకు. ఆ యాత్ర గురించి ఆయన వేసిన పుస్తకంలో, పటం మీద కనుమ పక్కన మాత్రం నా పేరు అచ్చయింది. ఇప్పటికీ కళ్ళు మూస్తే అదే: బండ మీద మేజరు, బస్సెక్కించడానికి వచ్చిన చుట్టంలా, పొమ్మని చెయ్యి ఊపుతూ.

డ్యూటీ ముగిసి మేట్టుపాళయంలో దిగి, ఆ పుస్తకం మా మామకు చూపించి, పతకం సంగతి చెప్పాను. ఆయన వక్కల వ్యాపారి. పటాన్ని పరీక్షగా చూసి, కనుమ మీద వేలు పెట్టి, దీంట్లో లారీ పోతుందా అని అడిగారు. పోదన్నాను.

"లారీ పోని దోవకు మెడల్ ఏంటికప్పా?"