తనంతట తాను

మొన్న మధ్యాహ్నం కింద ఫ్లాటులో ఉండే అమ్మాయి స్టీలు గిన్నె పట్టుకుని మెట్లెక్కి వచ్చి, "మావాడు పొద్దున బోర్లా పడ్డాడండీ పిన్నిగారూ, ఇవిగో బొబ్బట్లు" అంది, ముఖమంతా వెలిగిపోతూ. వెల్లకిలా పడుకున్న పసివాడు మొదటిసారి బోర్లా తిరిగితే బొబ్బట్లు పంచే ఆనవాయితీ ఈ పటమట అపార్ట్‌మెంట్లలో కూడా బతికే ఉన్నందుకు సంతోషించాల్సిందే గానీ, గిన్నె అందుకుని నేను కాసేపు గుమ్మంలోనే నిలబడిపోయాను. లోపల గదిలో మావారు కిటికీ వైపు తిరిగి పడుకున్నారు. తిరిగి అని అలవాటుగా రాసేశాను, ఆయన తిరగలేదు, గంట క్రితం నేనే తిప్పాను.

నా ఈడు నర్సులెవరైనా ఇది చదువుతుంటే నర్సింగు చదువులో మేం బట్టీపట్టిన మాటలన్నీ గుర్తుకొస్తాయి. వెల్లకిలా అంటే సుపైన్, బోర్లా అంటే ప్రోన్, పక్కకి తిప్పితే లాటరల్, వీపు వెనక ఎత్తుపెట్టి కూర్చోబెడితే ఫౌలర్స్. తెలుగు మీడియంలో చదివొచ్చిన మాకు అవి ఒక పట్టాన నోరు తిరిగేవి కావు. అబ్డక్షన్, అడక్షన్ అయితే మరీ ఏడిపించేవి, చెయ్యి ఒంటికి దూరంగా జరిపితే ఏదో, దగ్గరికి తెస్తే ఏదో ఎంతకీ తేలేది కాదు. చివరికి 'బ' ఉన్నది బయటికి అని మాలో మేమే ఒక గుర్తు పెట్టుకుని గట్టెక్కాం.

ఆఖరి పరీక్షలు కాకముందే నాకు పెళ్లయింది. మావారు గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో పనిచేసేవారు, పగలంతా తానులు విప్పీ చుట్టీ అలిసిపోయి ఇంటికొచ్చేవారు. అయినా నేను చదువుకునే సెలవుల్లో నా పేషెంటు ఆయనే. నవారు మంచం మీద వాలి, సిస్టరుగారూ ఇప్పుడెలా పడుకోమంటారు అని అడిగేవారు. నేను ప్రోన్ అంటే లాటరల్ తిరిగి నన్ను ఉడికించేవారు. అలా ఆటపట్టిస్తూనే ఆ మాటలన్నీ నాకంటే ముందు ఆయనకే వచ్చేశాయి, కొట్లో తాను బోర్లించమనడానికి కూడా ప్రోన్ చెయ్యమని కుర్రాళ్లతో అనేవారట.

అన్నిటికంటే కష్టం, యాక్టివ్‌కీ పాసివ్‌కీ తేడా చెప్పడం. రోగి తనంతట తాను కదిలితే యాక్టివ్, మనం పట్టుకుని కదిలిస్తే పాసివ్. ఒకనాడు నేను ఆయన భుజమూ నడుమూ పట్టుకుని పుస్తకంలో చెప్పినట్టే బోర్లా తిప్పాను, ఆయన దిండులో ముఖం పెట్టి, అమ్మా, బోర్లా పడ్డాను, బొబ్బట్లేవీ అని కేక పెట్టారు. వంటింట్లోంచి మా అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అది దొర్లిస్తే లెక్కేమిట్రా, నీ అంతట నువ్వు పడాలి గానీ!" అన్నారు. అక్షరమ్ముక్క రాని ఆవిడ ఒక్క మాటతో పాఠం చెప్పేశారని ముగ్గురం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. పరీక్ష పాసైన రోజున ఆవిడే బొబ్బట్లు చేసిపెట్టారు.

పోయిన వేసవిలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పూర్తిగా పడిపోయింది, మాట ముద్దగా కూడా రావడం మానేసింది, వినికిడీ తెలివీ మాత్రం చెక్కుచెదరలేదు. ఎడమచేత్తో మంచం కమ్మీ పట్టుకుని ఒక్కసారైనా తనంతట తాను పక్కకి తిరగాలని ఆయన పంతం, నా ఆశా అదే. నెలల తరబడి పళ్లు బిగించి ప్రయత్నించారు, ప్రతిసారీ నడుము దగ్గరే ఆగిపోయేవారు. మొన్న పొద్దున ఫిజియోథెరపీ అబ్బాయి ఆయన కుడి మోకాలు వంచి చాపి చూసి, మంచం పక్కనే నిలబడి ఫోనులో డాక్టరుగారికి చెప్పాడు: "ఇంక యాక్టివ్ మూవ్‌మెంట్ ఆశ లేదు సర్, పాసివ్ ఒక్కటే." ముసలివాళ్లం, మాకేం అర్థమవుతుందిలే అనుకున్నాడు పాపం. వార్డుల్లో మేమూ అలాగే రోగుల తలల మీదుగా మాట్లాడుకునేవాళ్లం. నేను మావారి వైపు చూశాను. ఆయన కళ్లు మూసుకున్నారు.

మధ్యాహ్నం వచ్చిన బొబ్బట్టు అదే గదిలోకి తీసుకెళ్లాను. వీపు వెనక దిండ్లు పెట్టి ఫౌలర్స్‌లో కూర్చోబెట్టి, బొబ్బట్టు చిదిపి పాలల్లో మెత్తగా నానబెట్టి, కిందింటి పిల్లాడు బోర్లా పడ్డాడటండీ అని చెప్పి చెంచా నోటి దగ్గరికి తీసుకెళ్లాను. తీపంటే ప్రాణం పెట్టే మనిషి పెదాలు బిగించేశారు. మళ్లీ పెట్టబోతే ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుని మెల్లగా పక్కకి జరిపారు. ఎందుకో నాకు చెప్పనక్కర్లేదు, అత్తగారి మాట ఆయనకూ గుర్తుంది, నాకూ గుర్తుంది.

ఈ రోజుల్లో బటన్ నొక్కితే లేచే మంచాలూ, గాలి పరుపులూ వచ్చాయి, మా కాలంలో నడుములు విరిగేలా చేసిన పని చాలా తేలికైంది. మాటలు మాత్రం అవే. ఒకప్పుడు అవి నోటికి వస్తే చాలని దేవుడికి మొక్కుకున్నదాన్ని, ఇప్పుడు వాటికి అర్థం తెలియకపోతే ఎంత బాగుండేదో అనుకుంటున్నాను. సాయంత్రం ఆయన్ని మళ్లీ ఎడమవైపుకి తిప్పాను. బొబ్బట్లు నేనూ తినలేదు.