ఎందుకో చెప్పకుండ పెట్టిన బొట్టు

మొన్న పొద్దుగాల రొట్టెలు చేస్తుంటే, పక్క అర్రల మా కోడలి ఫోన్లకెల్లి ఒకాయన గొంతు గట్టిగ వినవడ్డది. నెగెటివ్ మాటలు చెప్పేటోళ్లకు దూరముండాలె, కట్టుకున్నోడైనా సరే అని ఆయన అనంగనే అందరు చప్పట్లు కొట్టిండ్రు. పెనం మీద రొట్టె మాడిపోతున్నా నాకు సోయి లేదు. ఇరవై ఏండ్ల కింద ఇదే మాటను నేను నమ్మిన. నమ్మి ఊకున్ననా అంటే అదీ లేదు, నలుగురిని నమ్మించిన.

మన ఈడు ఆడోళ్లకు బోధన్ల ఆ రోజులు ఎట్లుండెనో నేను చెప్పేదేమున్నది. చెరుకు ఫ్యాక్టరీల కొలువు పోయినంక మా ఇంటాయన ఒక కిరాణా దుకాణంల పొట్లాలు కడుతుండె, నేను పొద్దంత చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చేస్తుంటి, తంబాకు ఘాటుకు దగ్గు తెరిపినివ్వకపోయేది. అసుంటి యాళ్లల ఎవరో నన్ను నిజామాబాద్ల ఒక మీటింగుకు తోలుకపోయిండ్రు. ఒంటికి బలమొచ్చే పొడి డబ్బాలు మనం కొనాలె, మన కింద ఇంకో నలుగురిని చేర్పియ్యాలె, వాళ్లు ఇంకో నలుగురిని చేర్పిస్తరు, అదీ యాపారం. ఎండకాలంల కూడ టై కట్టుకొని నిలవడ్డ సారు నన్ను మేడమ్ అని పిలిచిండు. పుట్టి బుద్ధెరిగినంక నన్నట్ల పిలిచిన మనిషి ఆయనొక్కడే, ఆ పిలుపుకే నేను సగం పడిపోయిన, నవ్వకుండ్రి.

ఇగ చూడాలె నా పట్టుదల! లేవంగనే అద్దం ముందట నిలవడి నేను గెలుస్త, నేను గెలుస్త అని అనుకునేదాన్ని, ఎవరన్న వద్దంటే ముఖం మీద నవ్వు చెరగనియ్యకపోయేదాన్ని. గీ పొడి ఎవలు కొంటరే అని మా ఇంటాయన ఒక్కసారి అన్నందుకు పదిహేను దినాలు ఆయనతోని మాట్లాడలే. ఇంత చేసినా ఆరు నెలలకు ఒక్కరు కూడ చేరలే. నెల నిండేలోపల ఎనిమిది మందిని తేకుంటే మీరు పడ్డ కష్టమంత మట్టిల కలుస్తది అని సారు చెప్పిండు, ఎందుకో చెప్పకుండ ముందు ఇంటికి రప్పించుండ్రి, మిగతాది నేను చూసుకుంట అని ఉపాయం కూడ ఆయనే చెప్పిండు. వాపసు వస్తుంటే బస్సు ఎడపల్లిల ఆగింది. మా అక్కను ఇచ్చిన ఊరు అదే. కిటికీలకెల్లి చూస్తుంటే నాకు పాడు బుద్ధి పుట్టింది.

మన దిక్కు కుంకుమ భరిణె పట్టుకొని ఒకరు గడపల నిలవడి బొట్టు పెట్టిండ్రంటే ఇగ అంతే గద. జరమొచ్చినా, మాటలు లేకున్నా పోవాలె, పోకుంటే తప్పు. నుదురు ముందటికి వంచిన మనిషి వస్తనని మాటిచ్చినట్టే. పొడి డబ్బాలంటే తలుపులేసుకునే ఆడోళ్ల ఇండ్లకు నేను భరిణె పట్టుకొని పోయిన. బేస్తారం మా ఇంట్ల మంచి కార్యమున్నది, రావాలె అని చెప్పి వాడకట్టుల ఏడుగురికి బొట్టు పెట్టిన. ఎనిమిదో మనిషి మా అక్క. మా అవ్వ పోయినంక నన్ను సాకింది, నా తలకు నూనె పెట్టింది, పెండ్లి చేసి పంపింది ఆమెనే. భరిణె చూడంగనే అక్క ముఖం ఎట్ల విచ్చుకున్నదో! కొంగుతోని నా చెమట తుడిచి, పిల్ల మంచిగున్నదా అని మెల్లగ అడిగింది. నా బిడ్డకు అప్పుడు పదమూడేండ్లు. పిల్ల పెద్దమనిషి అయ్యిందని అక్క అనుకుంటున్నదని నాకు అక్కడనే అర్థమైంది. చెప్పొచ్చు, నోరున్నది గద. తలకాయ ఊపి బస్సెక్కిన.

బేస్తారం నాడు వాకిట్ల షామియానా కింద సారు నల్లబోర్డు పెట్టుకొని కూసున్నడు. ఏడుగురు ఆడోళ్లు మంచి చీరలు కట్టుకొని, జాకిట్ ముక్కలు, గాజులు, కుడుకలు పట్టుకొని వచ్చిండ్రు. మా అక్క పట్టులంగ ఉన్న సంచిని ఒళ్లె పెట్టుకొని ముందట కూసున్నది. సారు బోర్డు మీద సున్నాలు గీస్తున్నడు, వీళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నరు, పిల్లను ఏ అర్రల కూసోబెట్టిండ్రని గుసగుసలు పెడుతున్నరు. నా ముఖం మీద మాత్రం నేర్పిన నవ్వు అట్లనే ఉన్నది. గప్పుడే బడి విడిచిపెట్టిండ్రేమో, నా బిడ్డ యూనిఫారంల, భుజానికి సంచి ఏసుకొని, వాకిట్లకు ఉరికొచ్చింది. అందరు ఒక్కసారే దాన్ని కాళ్ల నుంచి తల దాక చూసిండ్రు. అది బెదిరి నా దిక్కు చూసింది. భూమి పగిలితే బాగుండు అనిపించింది నాకు.

ఒకామె లేచి చెప్పులు తొడుక్కుంటున్నది. సారు నన్ను గుడ్లురిమి చూసిండు. అప్పుడు మా అక్క లేచి నిలవడ్డది.

"ముందుగాల నా పేరు రాయి చెల్లె" అన్నది, అందరు వినేటట్టు.

పిల్ల కార్యానికి ఇంత అన్నం పెట్టిద్దమని తెచ్చిన పైసలు కొంగు ముడి విప్పి సారు చేతిల పెట్టింది. వాడకట్టుల నా ఇజ్జత్ పోవద్దని ఆమె ఆ పని చేసిందని నాకు తెలుసు. ఆమెను చూసి తక్కినోళ్లు కూడ పేర్లు రాయించుకున్నరు. అక్క పట్టులంగను నా బిడ్డ చేతులల్ల పెట్టి, దాని తల నిమిరి, వండిన అన్నం ముట్టకుండనే బస్సుకు పోయింది. ఆ నెల నిజామాబాద్ల నాకు దండ వేసి చప్పట్లు కొట్టిండ్రు. సిగ్గు లేకుండ నవ్విన కూడ.

రెండేండ్లు తిరగకముందే ఆ కంపెనీ జాడ లేకుండ పోయింది. అంతకు ముందే, ఆ మరుసటేడు, నా బిడ్డ నిజంగనే పెద్దమనిషి అయ్యింది. నేను భరిణె పట్టుకొని ఎడపల్లికి పోయిన. అక్క కుర్చేసింది, నీళ్లిచ్చింది, కోపం చేయలే. బొట్టు పెడదామని నేను చెయ్యెత్తంగనే నా మణికట్టు పట్టుకొని ఆపింది.

"ఇది దేనికి చెల్లె?" అని అడిగింది.

చెప్పినంకనే నుదురు వంచింది. వచ్చింది, అన్నీ దగ్గరుండి చేసింది, ఈ పొద్దుటికి కూడ మా రాకపోకలు మంచిగనే ఉన్నయి. ఇప్పుడు ఎవరింట్ల ఏమున్నా ఫోన్లల్ల కార్డులే వస్తున్నయి. ఏ కార్యమో, ఎన్ని గంటలకో, ఏ ఫంక్షన్ హాలో అన్నీ రాసుంటయి, ఎవరు ఎవరినీ అడిగేది లేదు. మన ఈడోళ్లు నలుగురు కూసుంటే ఆ ఫోన్లే మన బొట్టును తిన్నయని తిడతరు. నేను మాత్రం నోరిప్ప. మా అక్క నన్ను ఏమీ అడగకుండనే నుదురు వంచిన దినాలు ఉండె, వాటిని ఏ ఫోనూ తినలే, నేనే తిన్న.