పెదనాయన చెయ్యి ఎత్తే మలుపు

మా పెదనాయన పోయాడు. నంద్యాల నుంచి వరిగడ్డి వేసుకొని వస్తూ, నల్లమల ఘాట్ దిగే చోట ట్రాక్టరు, వెనకున్న ట్రక్కుతో సహా బోల్తా పడి చనిపోయాడు. ఆ కబురు నాకు గిద్దలూరులో, స్కూల్లో ఫిజిక్స్ క్లాసు మధ్యలో అందింది. నెల కావస్తున్నా ఫోను మోగితే ముందు నాయన ఎక్కడున్నాడో చూసుకుంటున్నాను.

మా పక్క వరి పండదు. ఎండాకాలం గొడ్లకు గడ్డి కావాలంటే ట్రాక్టరు వెనక ట్రక్కు, అంటే ట్రెయిలర్, తగిలించుకొని కొండ అవతలికి పోవాల్సిందే. పెదనాయన ఖాళీ ట్రక్కుతో ఘాట్ ఎక్కేవాడు. లోడుతో మాత్రం పోరుమామిళ్ళ మీదుగా చుట్టు తిరిగి వచ్చేవాడు. నేను ఫోనులో మ్యాప్ చూపించి ఘాటే దగ్గరంటే నవ్వేవాడు.

"మీ ఫోను ఎనకాల గడ్డి ట్రక్కు కట్టుకొని పోయిందా ఏంది, పాపా? ఎక్కేటప్పుడు దాన్ని మనం లాగుతాం. దిగేటప్పుడు అది మనల్ని నెడతాది."

తప్పక ఘాట్ దిగాల్సి వస్తే, కొండ మీద బండి ఆపి, గడ్డి మీద కూర్చున్న వాళ్లందరినీ దించేవాడు. "నడిచి రాండి. ట్రక్కు ఒక్కటే దిగాల" అనేవాడు. ముందే లో గేరు వేసుకొని, డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగే వాళ్లను తిట్టుకుంటూ పోయేవాడు. మలుపు తిరిగి కింది రోడ్డు మీదికి రాగానే, పైన నడిచే వాళ్ల కోసం ఎడమ చెయ్యి ఎత్తేవాడు. ఒకసారి నేనూ అట్లా నడిచాను. ఆ చెయ్యి కనబడేదాకా కింది రోడ్డు మీంచి కళ్లు తిప్పలేదు.

ఆ రోజు మబ్బు పట్టింది. గడ్డి తడిస్తే కుళ్లిపోతుందని ఘాట్ దారి పట్టాడు. అలవాటుగా మా నాయనను, కూలీలను పైనే దించాడు. అందుకే నాయన మాకు మిగిలాడు. దానికి పెదనాయనకు థ్యాంక్స్ చెప్పే వీలు లేకుండా పోయింది.

ఇప్పుడు ఇంటి వెనక గడ్డివామి అయిపోవచ్చింది. ట్రక్కు బాగుచేయించారు. నిన్న నాయన, ట్రక్కును ట్రాక్టరుకు తగిలించే ఇనుప పిన్ను కోసం కొట్టమంతా వెతికాడు. అది నా స్కూలు బ్యాగులో ఉంది.

"పిన్ను చూసినావా పాపా? గొడ్లు అరుస్తాండాయి."

"చుట్టు తిరిగి వస్తానంటే చెప్తా."

"నువ్వు దాచినావా! మబ్బు పడితే ఎట్లమ్మే?"

"తడవనీ నాయనా. గడ్డే కదా."

నాయన కొట్టం గుంజకు ఆనుకున్నాడు. "ఆ పొద్దు పైనుంచి చూస్తానే ఉంటిమి పాపా. ఒక మలుపు తిరిగి చెయ్యెత్తినాడు. ఇంగో మలుపు కాడ..." అని ఆగిపోయాడు. గుంజను వదిలి, "సరే, చుట్టే వస్తాలే" అన్నాడు. నిజంగానో, నన్ను ఊరుకోబెట్టడానికో తెలియదు. పిన్ను ఇచ్చేశాను.

తెల్లారి బయల్దేరాడు. మధ్యాహ్నం నుంచి కొండ మీద మబ్బు కమ్ముతోంది. ఫోను కలవడం లేదు. మిద్దె మీద కూర్చొని ఇది రాస్తున్నాను. ఇక్కడికి ఘాట్ కనబడదు. అయినా కళ్లు మూస్తే అదే కింది రోడ్డు, మలుపు తిరుగుతున్న గడ్డి ట్రక్కు. ఎడమ చెయ్యి కోసం చూస్తున్నాను.