నెట్టు పక్కన బ్యాట్ల వరుస

మొన్న కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవకపోతే, మా కోడలు నన్ను హనుమకొండలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆ డాక్టరమ్మ మా మనవరాలి కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో, ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసి, అమ్మా, వయసులో ఉన్నప్పుడు బరువులేమైనా మోసేవారా అని అడిగింది. మరిపెడ పక్క పల్లెలో రైతు ఇంట పుట్టినదాన్ని, గడ్డిమోపులు మోసిన మాట నిజమే గానీ, ఈ భుజాన్ని అరగదీసింది అవి కావు తల్లీ, బాల్ బ్యాడ్మింటన్ అన్నాను. అంటే షటిలా అని అడిగింది. కాదంటే ఆమెకూ అర్థం కాలేదు, మా కోడలికీ అర్థం కాలేదు. ఇద్దరూ నా వంక జాలిగా చూశారు.

మన ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఈకల షటిల్ గాలికి ఆగదు, దానికి నాలుగు గోడలు కావాలి. మా ఆటకు ఆకాశం కింద ఇంత చదును నేల ఉంటే చాలు. పసుపుపచ్చ ఊలుతో చుట్టిన చిన్న బంతి, ఇటు ఐదుగురు, అటు ఐదుగురు, మధ్యన నెట్టు. తొర్రూరు లాంటి ఊళ్లలో కూడా సాయంత్రమైతే ఏదో ఒక ఖాళీ జాగాలో సున్నపు గీతలు కనిపించేవి. అంత ఆట ఇప్పుడు డాక్టరుకు వివరించి చెప్పుకోవలసిన సంగతైపోయింది.

డెబ్భయ్యో దశకం ముగుస్తున్న రోజుల్లో నేను అర్థశాస్త్రం ఎం.ఏ. చదవడానికి వరంగల్లు వచ్చాను. మా ఊళ్లో బస్సెక్కి, తొర్రూరులో ఇంకో బస్సు మారి వచ్చేసరికి తలలో పువ్వులు వాడిపోయేవి. మా యూనివర్సిటీ అప్పటికింకా కొత్తది. భవనాల కంటే బండరాళ్లు ఎక్కువ, చెట్ల కంటే మొక్కల చుట్టూ పాతిన ముళ్లకంప ఎక్కువ. అయినా సాయంత్రం నాలుగైతే అదొక జాతర. క్యాంటీను ముందు ఒక్క చాయ్‌ని ఇద్దరు పంచుకుంటూ దేశాన్ని మార్చేసే వాళ్లు, ఎన్నికలొస్తే సున్నం ఆరకముందే గోడ మీద పేరెక్కించే వాళ్లు, బెల్‌బాటం ప్యాంట్లతో క్యాంపస్ రోడ్లన్నీ ఊడ్చే వాళ్లు, లైబ్రరీ మెట్ల మీద కూర్చుని తమ కవిత్వం వినే మనిషి దొరికేదాకా అన్నం ముట్టని వాళ్లు. వాళ్లందరి మీదా నాకు ఇప్పటికీ గౌరవమే. పుస్తకాల్లో లేనివి ఎన్నో ఆ మెట్ల పక్కన నిలబడి నేర్చుకున్నాను. కాకపోతే ఆ జాతరలో ఆడపిల్లలం చూసేవాళ్లమే. గుంపుగా పోయి గుంపుగా వచ్చి, ఆరింటికి హాస్టల్ గంట కొట్టేసరికి గేటు లోపల ఉండేవాళ్లం.

ఆటస్థలం చివర, తోటమాలి పెంచే కనకాంబరం మడిని ఆనుకుని బాల్ బ్యాడ్మింటన్ కోర్టు ఒక్కటే ఉండేది. దానికొక చట్టం ఉండేది, ఎవరు పెట్టారో తెలియదు గానీ పోలీసు అక్కర లేకుండా నడిచేది. ఆడదలచిన ఐదుగురు తమ బ్యాట్లను నెట్టు కర్ర పక్కన నేల మీద వరుసగా పెట్టాలి. ముందు పెట్టిన వాళ్లది ముందు వంతు. గెలిచిన జట్టు కోర్టులోనే నిలుస్తుంది, ఓడిన జట్టు దిగిపోయి మళ్లీ వరుస చివర బ్యాట్లు పెట్టుకోవాలి. వంతు వచ్చినప్పుడు ఐదుగురిలో ఒక్కరు లేకపోయినా ఆ బ్యాట్లు పక్కకు పోతాయి. లెక్చరరు వచ్చినా, విద్యార్థి సంఘం ప్రెసిడెంటు వచ్చినా అంతే.

ఆ వరుసలో ఆడవాళ్ల బ్యాట్లు పెట్టిన మొదటి మనిషి మా హాస్టల్ అక్క. నాకంటే ఒక ఏడాది సీనియరు, తొర్రూరులో పత్తి వ్యాపారం చేసే షావుకారు గారి కూతురు. వాళ్ల మిల్లు ఆవరణలో పత్తి ఆరబోసే నేల మీద అన్నలతో పాటు ఆడి పెరిగింది. మనిషి సన్నం, మాట మెల్లన, మెస్సులో పక్కన కూర్చున్నా ఉన్నట్టు తెలియదు. బ్యాటు చేతికొస్తే మాత్రం ఆ అక్క వేరు. బంతిని కొట్టినట్టే ఉండదు, ఎక్కడ పడాలో దాని చెవిలో చెప్పి పంపినట్టు ఉండేది. ఆమె దగ్గర కూర్చుని నేర్చుకున్నది ఆట ఒక్కటే కాదు, కానీ అన్నీ ఆటతోనే మొదలయ్యాయి.

అక్కకు ఒకటే పట్టుదల, మా యూనివర్సిటీ నుంచి ఆడపిల్లల జట్టు కూడా బయటి పోటీలకు పోవాలని. ఆటల డైరెక్టరు గారిని అడిగితే ఆయన, పంపకేం బిడ్డా, ముందుగాల మీరు కోర్టు మీద ఆడంగ నేను జూడాలె గద అన్నారట. ఆడుతుంటే చూడాలంటే కోర్టు కావాలి. పోటీలు ఆ చలికాలంలోనే. అక్కది ఆఖరి సంవత్సరం, ఈసారి తప్పితే ఇక లేదు. అందుకని దసరా సెలవుల నుంచి వచ్చేటప్పుడు అన్నల పాత బ్యాట్లు గోనెసంచిలో కట్టుకుని బస్సులో తెచ్చింది. జట్టుకు అక్క, నేను, నా గదిలో ఉండే అమ్మాయి, మెస్సులో పరిచయమైన జువాలజీ అమ్మాయి, ఖిలా వరంగల్ నుంచి రోజూ బస్సులో వచ్చి చదువుకునే ఒక పొడుగు పిల్ల కుదిరాం.

మా బ్యాట్లను వరుసలో చూసి అబ్బాయిలు నవ్వలేదు, కాదనలేదు, చట్టం చట్టమే కదా. కాకపోతే మా హాస్టల్ గంట సంగతి వాళ్లకు మాకంటే బాగా తెలుసు. మా వంతు దగ్గర పడేసరికి ఒకడికి బూటు లేసు ఊడేది, ఇంకొకడికి దాహమయ్యేది, అన్నిటికంటే ముఖ్యంగా బంతి పోయి కనకాంబరం మడిలో పడేది. దాన్ని తీరుబడిగా, పోయిన ఉంగరాన్ని వెతికినట్టు వెతికేవాళ్లు. ఇంతలో గంట మోగేది. మేం బ్యాట్లు ఏరుకుని, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఒకటే పరుగు. వాళ్ల కెప్టెను లా చదివే ఒక పెద్దన్న, గుబురు మీసాల మనిషి, వెనక నుంచి ఎంతో మర్యాదగా, రేపు జర జల్ది రాండ్రి చెల్లే అనేవాడు. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండేది.

వైస్‌ఛాన్సలర్ గారి దగ్గరికి పోదామన్నాను, గోడల మీద రాద్దామన్నాను, కోర్టులో అడ్డంగా కూర్చుందామన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉండేది, ఇప్పుడూ ఉంది. అక్క అన్నీ విని ఒకే మాట అంది. “కొట్లాడి తెచ్చుకుంటె మల్ల ఇంకొకలు కొట్లాడేదాంకనే అది మనది. ఆడి తెచ్చుకుంటె ఎవలు కాదంటరు?”

అలా అని ఊరికే కూర్చోనివ్వలేదు. తెల్లవారకముందే లేపి, హాస్టల్ వెనక బట్టలారేసుకునే తాడునే నెట్టు అనుకోమని ఆడించేది. అక్కడ గడ్డి మంచుతో తడిసి ఉండేది. కాసేపటికే ఊలు బంతి నీళ్లు తాగి, పచ్చి మట్టి ముద్దలా బరువెక్కేది. ఎంత బలంగా కొట్టినా పోదు, మణికట్టు మీదే నడిపించాలి. వెనక నిలబడే నేను దాన్ని భుజం మీద నుంచి లేపి లేపి పంపవలసి వచ్చేది. ఇదేం ఖర్మ, పొడి నేల మీద ఆడిన వాళ్లతో మనం ఎప్పుడు సమానమవుతామని విసుక్కునేదాన్ని. అక్కేమో చలికి వణుకుతూనే నవ్వేది.

ఇక మిగిలింది గంట. మా వార్డెన్ మేడం లెక్కల లెక్చరరు, నల్ల గొడుగు, బిగించిన కొప్పు, ఆమె వరండాలోకి వస్తే కబుర్లన్నీ కుక్కిన పేనుల్లా ఉండిపోయేవి. అలాంటి ఆమె గదిలోకి అక్క ఒక్కతే పోయింది. గంట మార్చమని అడగలేదు. ఒక్క సాయంత్రం వచ్చి మా ఆట చూడమని అడిగింది. పేపర్లు దిద్దుకుంటున్న మేడం తలెత్తకుండా, చూద్దాంలే అన్నారట. చూద్దాం అంటే కాదని అర్థమని మేం నలుగురం తేల్చేశాం.

వారం తిరక్కుండానే ఒక సాయంత్రం మా వంతు హాస్టల్ గంటకు కాస్త ముందే రాబోతున్నట్టు కనిపించింది. అది చూసి ఎదుటి వాళ్లు మరీ రెచ్చిపోయారు. తోటమాలి అప్పుడే మడికి నీళ్లు పెట్టి పోయాడు. బంతి అందులో పడటం, తీయటం, మళ్లీ పడటం. చివరికి ఎలాగో ముందు గేము ముగిసి, కెప్టెనన్న జట్టు గెలిచి నిలిచింది. మేం కోర్టులోకి దిగాం. అక్క సర్వీసు కోసం బంతిని చేతిలోకి తీసుకుని, ఒకసారి నొక్కి చూసి, మా వైపు తిరిగి మెల్లగా నవ్వింది. బంతి నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆటసామాను గదికి తాళం పడింది, ఆ పూటకు ఇంకో బంతి లేదు. ఎవరు తవ్విన గోతిలో వాళ్లే పడటం అంటే నాకు ఆ రోజే కళ్లారా తెలిసింది.

వాళ్ల బలమంతా స్మాష్‌లోనే ఉండేది. తడి బంతికి స్మాష్ పనికిరాదు. భూమి దద్దరిల్లేలా కొడితే అది నీరసంగా పోయి నెట్టుకు తగిలి జారిపోయేది. అక్కేమో దాన్ని నెట్టు దాటించి అక్కడే వదిలేసేది. వెనక పడ్డవన్నీ నేను రోజూ మంచులో చేసినట్టే లేపి పంపాను. చుట్టూ జనం చేరారు. క్యాంటీను ఖాళీ అయింది, మా హాస్టల్ పిల్లలంతా వచ్చేశారు, కవులు సైతం మెట్లు దిగి వచ్చారు. ఆ సందట్లోనే చూశాను, దారి వెంట నల్ల గొడుగు వస్తోంది, దాని వెనక నెత్తి మీద ఇనుప కుర్చీతో మా వాచ్‌మన్ తాత. మేడం వచ్చి, గీత పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. తాత గంట కొట్టాలని వెనక్కి పరిగెత్తాడు.

రెండు జట్లూ పాయింట్లలో సరిసమానంగా ఉన్నప్పుడు హాస్టల్ గంట మోగింది. అలవాటైన కాళ్లు కదా, నా కాళ్లు గేటు వైపు తిరిగాయి. సర్వీసు చేయబోతున్న అక్క చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆట ఆగింది, జనం ఆగారు. అందరం మేడం ముఖమే చూస్తున్నాం.

“నన్నెందుకు చూస్తున్నరు? బంతిని చూడుండ్రి” అన్నారు మేడం.

ఇంతలో తాత తాళంచెవి పట్టుకుని రొప్పుతూ వచ్చి, గేటెయ్యాల్నా మేడం అని అడిగాడు. ఆమె కోర్టు మీది నుంచి చూపు తిప్పలేదు. “లోపలుండే పిల్లలు ఈడ, వాళ్లకు జవాబుదారిని నేనీడ. ఉత్త గేటుకు కావలెందుకయ్యా, నువ్వు గూడ కూసో” అన్నారు. ఆ మాటతో మా ఐదుగురికీ ఏమొచ్చిందో చెప్పలేను. బస్సు తప్పిపోతుందని అప్పటిదాకా దిగులు పడుతున్న ఖిలా వరంగల్ పిల్ల, నెట్టు దగ్గర ఆకాశంలోకి ఎగిరింది. చివరి పాయింటుకు కెప్టెనన్న ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి కొట్టాడు. బంతి నెట్టు పట్టీకి తగిలి, కాస్త పైకి లేచి, అటా ఇటా అని తటపటాయించి, ఆయన పాదాల దగ్గరే పడింది.

అరుపులు, ఈలలు, చప్పట్లు. నాకవేవీ సరిగ్గా గుర్తు లేవు. గుర్తున్నది ఒకటే. ఆ పెద్దన్న కోర్టు దిగి, మొహం తుడుచుకుని, నెట్టు కర్ర దగ్గరికి పోయి, వరుసకు చివర తన బ్యాటు పెట్టాడు. మిగిలిన నలుగురికీ కళ్లతోనే చెప్పాడు, వాళ్లూ పెట్టారు. తర్వాత అక్క వైపు తిరిగి, “ఆఖరి నంబరు మాదే గద అక్కా?” అన్నాడు. వయసులో ఆయనే పెద్ద. మాకోసం మగపిల్లలు వరుసలో నిలబడటం ఆ క్యాంపస్ అంతవరకు చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడానికి మా గది అమ్మాయి భుజం మీద తల పెట్టుకున్నాను. ఆ అన్న మీద నా కోపం అక్కడికక్కడే కరిగిపోయింది. ఓడిపోయాక కూడా చట్టాన్ని అంత నిటారుగా పాటించిన మనిషిని నేను ఆ తర్వాత ఉద్యోగంలో ఎక్కువ మందిని చూడలేదు.

గంట మాత్రం ఎప్పట్లాగే ఆరింటికే మోగేది. మేడం రూలు మార్చలేదు. ఆ చలికాలమంతా కుర్చీ తెప్పించుకుని, కోర్టు పక్కన కూర్చుని పేపర్లు దిద్దుకునేవారు. ఆటల డైరెక్టరు గారు మా ఆట చూసి మాట నిలబెట్టుకున్నారు. పోటీలకు పోయాం, మాకన్నా దక్షిణాన ఉండే పిల్లల చేతిలో మొదటి ఆటలోనే చిత్తుగా ఓడాం, రైల్లో వచ్చినంతసేపూ పాటలు పాడుకున్నాం. అక్క తొర్రూరులోనే స్థిరపడింది, మనవళ్లను ఎత్తింది, ఇప్పటికీ ఫోనులో అంతే మెల్లగా మాట్లాడుతుంది.

పోయిన ఏడాది ఏదో పని మీద యూనివర్సిటీకి పోయి, కాళ్లు లాగితే అక్కడికే నడిచాను. కనకాంబరం మడి లేదు, సున్నపు గీతలు లేవు. ఆ జాగాలో లైట్లు పెట్టిన పెద్ద హాలు లేచింది. ఊలు బంతి ఈ తరానికి తెలియదు. వంతు కోసం నేల మీద బ్యాట్లు పెట్టే పని లేదు, అంతా ఫోనులోనే రాసుకుంటారట. చీకటి పడింది. ట్రాక్ ప్యాంట్లు వేసుకున్న ఆడపిల్లలు కొందరు షటిల్ ఆడుతున్నారు, ఏ గంటకూ తల తిప్పకుండా. పక్కనుంచి అబ్బాయిలు, పెద్దలు, ఉద్యోగులు ఎవరి దారిన వాళ్లు పోతున్నారు. ఎవరూ కన్నెత్తి చూడటం లేదు. వాళ్లను పిలిచి మా కథ చెప్పాలని నోటిదాకా వచ్చింది, మళ్లీ మింగేశాను. ఆడపిల్లలు ఆడుతున్నారని ఎవరూ ఆగి చూడని రోజు కోసమే కదా మేం అంత పాటు పడింది. ఆ రోజు వచ్చేసింది. ఆగి చూసినదాన్ని నేనొక్కదాన్నే.