నూనె చేతుల కొలత

జర దగ్గరికి జరిగి కూసోండ్రి. వాకిట్ల ఎండ పొద్దు ఉన్నది, మంచం మీద చోటు ఉన్నది, పొయ్యి మీద చాయ్ మరుగుతున్నది. నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాదు, ఐదో తరగతి కాడనే ఆగిపోయిన. కానీ కండ్లతోటి చూసింది, చెవులతోటి విన్నది మరువను. మా అత్తమ్మ జాకెట్టు సంగతి చెప్త, వినుండ్రి.

మాది మణుగూరు పక్కన అడవి అంచు ఊరు. మా ఇంటాయన బొగ్గు గనుల కాడ కాంట్రాక్టు పని చేస్తడు. నాకు నలభై దగ్గర పడ్డంక కుట్టు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. ఎందుకంటే, టౌనుకు పోయి బట్ట ఇస్తే దర్జీ "వచ్చే వారం రా అమ్మా" అనేటోడు. ఆ వచ్చే వారం ఎన్నడు వచ్చేది కాదు. మా ఇంటాయన ఎవరో అమ్ముతున్నరంటే కాలితోటి తొక్కే పాత మిషను ఆటోల ఏసుకొని తెచ్చిండు.

మొదలు ఫోన్ల వీడియోలు చూసిన. ఆ పిల్ల కండ్లు మూసి తెరిచేలోపల జాకెట్టు కుట్టి తొడుక్కొని తిరుగుతది. నేను ఇంకా సూదిల దారమే ఎక్కిస్తున్న. అయినా ధైర్యం చేసి ఒక దిండు గలేబు కుట్టిన. కుట్టు చక్కగ, గీత గీసినట్టు వచ్చింది. మురుసుకుంట మా ఇంటాయన చేతుల పెట్టిన. ఆయన అటు తిప్పిండు, ఇటు తిప్పిండు.

"అంతా బాగున్నది గానీ, దిండు ఎట్ల దూరాలె? ప్రార్థన చేసి పంపియ్యాల్నా?" అన్నడు.

చూస్తే నాలుగు దిక్కులా కుట్టేసిన!

ఇంక గిట్ల కాదని టౌన్ల ఉన్న ఒక దర్జీ ఇంటామె దగ్గరికి పోయిన. పెనిమిటి షాపుల కుడితే ఆమె ఇంట్ల కుడ్తది. నేను ఆపా, అంటే అక్కా, అని పిలుస్త. ఆమె నా గలేబు చూసి నవ్వి నవ్వి కండ్లు తుడుసుకున్నది. "నవ్వుతున్నందుకు ఏమనుకోకు. నేను నా నిఖా అయిన కొత్తల, మా ఆయన లాగుకు ఒకటే కాలు కుట్టిన" అన్నది. ఆ మాటతోటి నా సిగ్గు పోయింది. వారానికి మూడు పగళ్లు పోయేది. కత్తెర పట్టుడు, చంక తిప్పుడు, కాజాలు కుట్టుడు, అన్నీ ఆమె చేతుల మీదనే నేర్చుకున్న. నా జాకెట్టు నేనే కుట్టుకొని తొడుక్కున్ననాడు ఊరంతా నన్నే చూస్తున్నట్టు నడిచిన. ఎవరు చూడలే, అది వేరే సంగతి.

ఆ ఏడు క్రిస్మస్ ఇంక నెల ఉన్నదనంగ, మా చర్చి ఆడోళ్లు వచ్చి మా అత్తమ్మ కాడ కూసున్నరు. "పెద్దమ్మా, ఈసారి పండుగ పాట నువ్వే ఎత్తాలె" అన్నరు.

"నా గొంతు పోయింది బిడ్డా" అన్నది అత్తమ్మ.

గొంతు పోయిన మనిషి పొద్దున అంట్లు తోముకుంట పాడితే మూడిండ్ల అవతల కోళ్లు ఉలిక్కిపడతయి. వాళ్లు పోయినంక అడిగిన, "అత్తమ్మా, గట్లెందుకు అన్నవు?"

భుజం మీద కొంగు సదురుకుంట అన్నది, "పాట ఎత్తేటామె చప్పట్లు కూడ కొట్టాలె గదనే. చప్పట్లకు రెండు చేతులు కావాలె. నాకు ఒక చెయ్యే ఖాళీ."

అప్పుడు నా కండ్లు తెరుచుకున్నయి. ఇరవై ఏండ్ల సంది చూస్తున్న, ఆమె కుడి చెయ్యి ఎప్పుడూ ఎడమ భుజం మీదనే, కొంగు పట్టుకొని ఉంటది. నేను అది మర్యాద అనుకున్న. కాదు, జాకెట్టు జారుతది! చెయ్యి తీస్తే భుజం బయటపడ్తది. అందుకే పాటలంటే ప్రాణమున్న మనిషి చర్చిల ఆఖరి వరుసల, గోడకు ఆనుకొని కూసుంటది.

"నేను కుడత గద! జారకుండ కుడత. నువ్వు పాట ఎత్తుతవా?"

"కుట్టు, చూద్దాం" అన్నది. ఆ చూద్దాంల ఆశ కూడ ఉన్నది, నమ్మకం లేకపోవుడు కూడ ఉన్నది.

మా దిక్కు ఆడోళ్లం కొలతలు ఇయ్యం. పాత జాకెట్టు ఒకటి ఆది అని ఇస్తం, దర్జీ దాన్ని చూసి అట్లనే కుడ్తడు. నేను కూడ ఆమె ఆది జాకెట్టు పరిచి, నూలు పోగంత తేడా రాకుండ పాత చీర ముక్క మీద ఒకటి కుట్టి చూసిన. అత్తమ్మ తొడుక్కున్నది. జారింది.

"నీది గూడ అంతేనే" అన్నది. తిట్టినా అంత బాధ కాకపోవు.

మర్నాడు ఏడుపు మొఖం పెట్టుకొని ఆపా కాడికి పోయిన. ఆపా తిరగేసి మరగేసి చూసింది. "నీ కుట్టుల తప్పు లేదు. తప్పు ఆదిల ఉన్నది. దాన్ని చూసి కుట్టినోళ్లందరు ఆ తప్పునే కుట్టిండ్రు. జాకెట్టును కాదు, మనిషిని కొలువు" అన్నది.

ఇంటికొచ్చి టేపు తీసిన. అత్తమ్మ పాము కనపడ్డట్టు వెనకకు జరిగింది.

"దాన్ని అవతల పెట్టు! మీ మామ పోయిననాడు వడ్రంగి వచ్చి నెత్తి కాడికెల్లి కాళ్ల దాక గిట్లనే టేపు పెట్టి కొలిచిండు, పెట్టె చేసేటందుకు. నేను బతికుండంగ నా ఒంటి మీద టేపు పడనియ్య."

ఇంక ఏం చేసేది? రెండు దినాలు ఆలోచన చేసిన. చలికి ఆమెకు కీళ్లు గుంజుతయి. నువ్వుల నూనెల కర్పూరం ఏసి వెచ్చజేసిన. "రా అత్తమ్మా, భుజాలకు రాస్త" అన్న. వాకిట్ల ఎండకు కూసున్నది. నేను రాసుకుంట రాసుకుంట నా వేళ్లతోటి కొలిచిన. మెడ కాడికెల్లి కుడి భుజం చివరికి బెత్తెడు మీద రెండు వేళ్లు. ఎడమ దిక్కు బెత్తెడు మీద ఒకటే. భుజం కాడికెల్లి నడుము మడత దాక కుడి దిక్కు రెండు జానలు. ఎడమ దిక్కు రెండు వేళ్లు తక్కువ!

"అత్తమ్మా, ఈ భుజం కిందికున్నదేంది?"

"మీ ఆయన చంటోడప్పుడు బీడీల తునికాకు తెంపబోయి గుట్ట మీదికెల్లి పడ్డ గద. ఎముక అతికింది గానీ కిందికి అతికింది. ఎవరికి చెప్పుకోవాలె? ఒంకరదంటరు." అని, "ఏందే, ఒక్క కాడనే రుద్దుతున్నవు, కాలుతున్నది!" అన్నది.

"నొప్పి అక్కడనే ఉన్నది అత్తమ్మా" అన్న. అది అబద్ధం కాదు గద.

పండుగ చీర ఉల్లిపొర రంగుది. దాంట్ల జాకెట్టు ముక్క ఒకటే ఉన్నది. చెడగొడితే ఇంకోటి లేదు. బట్టను మడత పెట్టి రెండు దిక్కులు ఒక్కసారే కత్తిరించుమని ఆపా నేర్పింది. ఇప్పుడు మడత ఇప్పి, ఏ దిక్కుకు ఆ దిక్కు వేరేగ కత్తిరించాలె. కత్తెర పట్టుకొని చాలసేపు కూసున్న. ఆఖరికి కండ్ల ముందు జాకెట్టును కాదు, ఆమె భుజాన్ని పెట్టుకొని కత్తిరించిన.

కుట్టుడు అయినంక మంచం మీద పరిచిన. మా ఇంటాయన చూసి, "ఇదేంది, ఒక రెక్క పెద్దది, ఒక రెక్క చిన్నది! మళ్ల ప్రార్థన చెయ్యాల్నా?" అన్నడు. అత్తమ్మ మాత్రం నవ్వలే. మొఖం చిన్నగయింది. "నన్ను ఎక్కిరిచ్చేటందుకు కుట్టినవా?" అన్నది.

"ఒక్కసారి తొడుగు. జారితే నా మిషను అమ్మేస్త."

గదిలకు పోయి తలుపేసుకున్నది. ఎంతకూ రాదు. నేను తలుపు బయట హుక్కుల డబ్బ పట్టుకొని నిలవడ్డ. ఆఖరికి తలుపు తీసింది. చీర కట్టుకున్నది, కొంగు ఏసుకున్నది, రెండు చేతులు కిందికి ఉన్నయి. ఆ చేతులను ఏం చెయ్యాల్నో ఆమెకు తెలుస్తలేదు, కొత్తయి ఇచ్చినట్టు చూసుకుంటున్నది.

"ఎట్ల కొలిచినవే?"

"నూనె రాసిననాడు."

"ఓసి దొంగదానా! నేను కోడలు ప్రేమగ రుద్దుతున్నదనుకున్న!"

"అది కూడ ఉన్నది అత్తమ్మా."

పండుగనాడు మా అత్తమ్మ ముందు వరుసల నిలవడ్డది. పాట ఎత్తుకున్నది. మొదటి చరణం చేతులు కట్టుకొనే పాడింది. రెండో చరణానికి చేతులు లేసినయి. ఒకటి కొట్టింది. భుజం దిక్కు చూసుకున్నది. జాకెట్టు ఉన్న కాడనే ఉన్నది. ఇంక చూసుకోండ్రి! డప్పు కొట్టేటాయన ఆమెను అందుకోలేక తిప్పలపడ్డడు. పాట అయిపోయినా ఆమె చప్పట్లు ఆగలే.

ఇంటికొచ్చినంక ట్రంకుల ఉన్న జాకెట్టు ముక్కలన్నీ తెచ్చి నా ముందర పోసింది. "టేపు తే" అన్నది.

"వద్దంటివి గద?"

"అది పెట్టెకు. ఇది పాటకు. కొలువు" అని చేతులు రెండు చాచి నిలవడ్డది.

చాయ్ తాగుండ్రి, సల్లారుతున్నది. మీ ఇండ్ల సూది తుప్పు పట్టకుండ, దారం చిక్కుపడకుండ ఉండాలె. మీ ఇంటి పెద్దల ఒంటికి ఏ బట్టయినా సుఖంగ కూసోవాలె. మీ ఇంట్ల ఎవరి చెయ్యి కూడ సిగ్గును దాచుకుంట ఉండొద్దు. అందరివి రెండు చేతులు ఖాళీగ ఉండాలె, చప్పట్లకు.